గడప లోపలి మాట

మన ఇళ్లలో మాట రెండు రకాలు. గడప లోపల ఒకటి, గడప బయట ఒకటి. బరంపురంలో పుట్టి పెరిగిన నాలాంటివాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. అమ్మతో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు, పక్కింటి మార్వాడీ షావుకారుతో వచ్చీరాని హిందీ. ఏ మాట ఎక్కడ ఆడాలో, ఏ సంగతి ఏ గడప దాటకూడదో చిన్నప్పుడే ఒంటబడుతుంది.

కంప్యూటరుకు కూడా ఇలాంటి రెండు మాటలున్నాయంటే చదువరులు నవ్వుతారేమో. కాని ఉన్నాయి. ఊరితో ఆడే మాటకు నెట్‌వర్క్ అని పేరు. ఒకే యంత్రంలో పనిచేసే రెండు ప్రోగ్రాములు తమలో తాము ఆడుకునే మాటకు ఉన్న దారుల్లో ఒకటి లోకల్ సాకెట్. యూనిక్స్ డొమైన్ సాకెట్ అని కూడా అంటారు. మన సంఘం వివాహ పరిచయ పుస్తకం కోసం 2022లో నేను ఆ దారినే ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో, అది ఎలా పనిచేస్తుందో పత్రిక కుటుంబంతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు పుస్తకం సంగతి. మన సంఘంలో మూడు లావుపాటి నోటు పుస్తకాలు ఉండేవి. అబ్బాయిల వివరాలు ఒకదానిలో, అమ్మాయిలవి ఒకదానిలో, కుదిరిన సంబంధాలు మూడోదానిలో. ఇచ్ఛాపురం నుంచి జయపురం దాకా ఉన్న మన కుటుంబాలు ఆదివారం పూట వచ్చి, పేజీలు తిరగేసి, నచ్చిన వివరాలు చీటీ మీద రాసుకుని వెళ్లేవి. చేతిలో కెమెరా ఫోను లేనన్నాళ్లు ఆ పద్ధతి బాగానే నడిచింది. 2021లో ఎవరో ఒక పేజీని ఫొటో తీశారు. అది ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి తిరిగి తిరిగి ఎక్కడికో చేరింది. ఆ పేజీలో ఉన్న ఒక అమ్మాయికి రాత్రి పదకొండు దాటాక ఊరూ పేరూ తెలియనివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఆ కుటుంబం వచ్చి తమ పేజీ చింపించుకుని వెళ్లింది. నెల తిరగకుండా మరో నాలుగు కుటుంబాలు అదే పని చేశాయి. తాతలనాటి నుంచి ఇక్కడ కూడబెట్టుకున్న నమ్మకం ఐదు కాగితాలతోపాటు చిరిగిపోతున్నట్టు మా కార్యవర్గానికి అర్థమైంది.

"దీన్ని కంప్యూటరులో పెట్టండి బాబూ" అన్నారు కార్యదర్శిగారు. ప్రోగ్రాములు రాయడం నా వృత్తి కనుక ఆ పని నా మీద పడింది.

మా మేనల్లుడు వెంటనే అందుకున్నాడు. "మావయ్యా, ఇంత కష్టపడి చేసి ఒక్క గదిలో పెట్టుకుంటారా? నెట్‌లో పెట్టండి. విశాఖపట్నంలో ఉన్న పెద్దమ్మ కూడా ఇంట్లో కూర్చుని చూసుకుంటుంది కదా!"

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఆడపిల్ల తల్లిదండ్రులు ఒక్క సంబంధం వివరాల కోసం ఐదారు గంటలు బస్సులో రావడం ఎంత శ్రమో అందరికీ తెలుసు. సమావేశంలో సగంమంది వాడి వైపే తలూపారు. అప్పుడు మహిళా విభాగం నుంచి పెద్దావిడ, మేమంతా పిన్నిగారు అని పిలుచుకునే ఆవిడ, నెమ్మదిగా ఇలా అన్నారు: "నాయనా, సంబంధం కోసం పది గడపలు ఎక్కడం మాకు కొత్త కాదు. గడప ఎక్కకుండా లోపలికొచ్చేవాళ్లతోనే మాకు భయం."

ఆ మాటతో చర్చ ముగిసింది. నా ప్రోగ్రాముకు నమూనా కూడా ఆ మాటలోనే దొరికింది.

సరే, అసలు విషయానికి వద్దాం. కంప్యూటరులో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటారు. ఒకే కప్పు కింద ఉన్నా ప్రతి ప్రాసెస్‌కూ వేరే గది. ఒకరి జ్ఞాపకంలోకి ఇంకొకరు తొంగిచూడకుండా మధ్యలో గోడ కట్టి కాపలా కాసేది కెర్నల్, అంటే ఆ ఇంటి యజమాని. గోడ మంచిదే, కాని ఒకే పని మీద ఉన్న రెండు ప్రాసెస్‌లు మాట్లాడుకోవాలంటే గోడకు ఎక్కడో ఒక కిటికీ కావాలి కదా.

కిటికీలు చాలా రకాలు. మొదటిది పైప్. యూనిక్స్‌లోకి ఇది 1973లో వచ్చింది. డగ్ మెక్‌ఇల్రాయ్ ఆలోచన, కెన్ థాంప్సన్ చేతిపని. ఒక గొట్టంలో ఈ కొసన పోసింది ఆ కొసన వస్తుంది. ఒకే వైపు ప్రవాహం. పైగా మామూలు పైప్‌తో మాట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒక కుటుంబంవాళ్లే, అంటే ఒక తల్లి ప్రాసెస్‌కు పుట్టినవాళ్లో, తల్లీబిడ్డలో అయివుండాలి. రెండోది షేర్డ్ మెమరీ, అంటే ఉమ్మడి పెరడు. అన్నిటికంటే వేగం, కాని ఎవరు ఎప్పుడు దిగాలో ముందే ఒప్పందం లేకపోతే తగువులు తప్పవు. మూడోది సాకెట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖవారు 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో ఇది లోకానికి పరిచయమైంది. చుట్టరికంతో పని లేదు, రెండు వైపులా మాట్లాడవచ్చు, ఒకేసారి చాలామంది రావచ్చు. ఇన్నేళ్లయినా ఆ రూపం దాదాపు అలాగే నిలిచింది. విండోస్ 10లోకి కూడా 2018లో లోకల్ సాకెట్ వచ్చి చేరింది.

మా పుస్తకానికి నాలుగు ప్రోగ్రాములు కావాలి: వివరాలు ఎక్కించేది ఒకటి, వెతికేది ఒకటి, కాగితం మీద అచ్చు తీసేది ఒకటి, రాత్రిపూట నకలు తీసి దాచేది ఒకటి. నలుగురూ ఒకే ఫైల్లో ఒకేసారి చేతులు పెడితే ఒకరు రాసిన దాని మీద ఇంకొకరు రాస్తారు. ఉమ్మడి కుటుంబంలో బీరువా తాళంచెవి నలుగురి దగ్గరా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని ఐదో ప్రోగ్రాము ఒకటి రాశాను. దాని పేరు సర్వర్. బీరువా తాళం దాని బొడ్లోనే. మిగతా నలుగురూ క్లయింట్లు. ఏది కావాలన్నా దాన్నే అడగాలి, అదే తీసి ఇవ్వాలి.

సర్వర్ కొలువు తీరడానికి నాలుగు మెట్లున్నాయి. మొదట సాకెట్ అనే పిలుపుతో కెర్నల్ దగ్గర ఒక కొత్త సాకెట్ తీసుకోవాలి. రెండోది బైండ్, అంటే ఆ సాకెట్‌కు చిరునామా పలక తగిలించడం. లోకల్ సాకెట్‌కు చిరునామా అంటే ఒక ఫైలు పేరు, అంతే. మూడోది లిజన్, తలుపు తీసి "దయచేయండి" అనడం. అరుగు మీద ఎంతమంది వేచి ఉండవచ్చో కూడా ఇక్కడే చెబుతాం. నాలుగోది యాక్సెప్ట్, వచ్చినవారిని ఒక్కొక్కరినే లోపలికి పిలవడం. ఇక్కడ కొత్తవారు తికమకపడే చోటు ఒకటుంది. యాక్సెప్ట్ చేయగానే కెర్నల్ ఆ అతిథి కోసం మరో కొత్త సాకెట్ ఇస్తుంది. మాటలన్నీ దాని మీదే. వీధి తలుపు మాత్రం తర్వాత వచ్చేవారి కోసం అలాగే తెరిచి ఉంటుంది. క్లయింటుకు ఇంత హంగామా లేదు. సాకెట్ తీసుకుని, ఆ చిరునామాకు కనెక్ట్ అంటే చాలు.

ఈ చిరునామాలో ఒక చిన్న వింత ఉంది. లైనక్స్‌లో దానికి ఇచ్చిన చోటు సరిగ్గా 108 బైట్లు. అష్టోత్తరం అన్నమాట! పూజకూ దీనికీ సంబంధం లేదు గాని, ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మాక్ యంత్రాల్లో అది 104 మాత్రమే. తెలుగులో పేరు పెట్టుకుందామని ముచ్చటపడితే ఇంకా ఇరుకు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది కనుక 36 సంకేతాలకే ఆ చోటు నిండిపోతుంది. అందుకే చిరునామా చిన్నదిగా ఉంచాను.

ఆ ఫైలు కూడా చిత్రమైనది. ఫైళ్ల జాబితా తీస్తే కనబడుతుంది, దాని వరుస మొదట్లో ఎస్ అనే అక్షరం ఉంటుంది. కాని లోపల ఏమీ ఉండదు. పరిమాణం సున్నా. మాటలన్నీ కెర్నల్ జ్ఞాపకం గుండా ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతాయి. ఆ ఫైలు తలుపు మీది నేంప్లేటు మాత్రమే. నెట్‌వర్క్ వైరు పీకేసినా వీళ్ల మాట ఆగదు. ఆ మాటకు వీధితో పని లేదు.

నేంప్లేటుతో ఒక చిక్కు ఉంది. బరంపురంలో కరెంటు పోవడం, యంత్రం అర్ధాంతరంగా ఆగడం మనకు తెలియనివి కావు. అందుకని పుస్తకం ఎక్కించడానికి ముందే ఒక రోజు కూర్చుని, నడుస్తున్న సర్వర్‌ను కావాలనే నిలువునా చంపి చూశాను. ఇంట్లోవాళ్లు పోయినా గుమ్మానికి పలక వేలాడుతున్నట్టు, సర్వర్ పోయినా సాకెట్ ఫైలు అక్కడే ఉంది. మళ్లీ సర్వర్‌ను లేపితే "ఈ చిరునామా వాడుకలో ఉంది" అని బైండ్ మొండికేసింది. పాత ఫైలు తుడిచేసి కొత్తది పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అలాగే రాస్తారు. కాని లోపల నిజంగానే ఎవరైనా ఉంటే? బతికున్నవారి పలక పీకి మన పలక తగిలించినట్టే. అప్పుడు ఒకే బీరువాకు ఇద్దరు కాపలాదార్లు తయారవుతారు. అందుకే నా సర్వర్ ముందుగా ఒక తాళం ఫైలు పట్టుకుంటుంది. ఆ తాళం కెర్నల్ చేతిలో ఉంటుంది. పట్టుకున్న ప్రాసెస్ చనిపోతే దానంతటదే విడిపోతుంది. తాళం దొరికిందంటే లోపల ఎవరూ లేరని రూఢి. అప్పుడే పాత పలక తీసి కొత్తది పెడుతుంది. దొరకకపోతే మరో మాట లేకుండా తప్పుకుంటుంది.

రెండో చిక్కు ఇంకా ముచ్చటైనది. సాకెట్‌లో స్ట్రీమ్ అనే రకం నీటి కాలువ లాంటిది. మీరు రెండు బిందెలు పోస్తే అవతలివాడికి రెండు బిందెలుగా అందాలని లేదు. ఒకేసారి రావచ్చు, మూడు చెంబులుగా రావచ్చు. వరుస తప్పదు, చుక్క పోదు, కాని ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకో మాట మొదలైందో కాలువ చెప్పదు. మన పాత తాళపత్రాలు చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. పదానికీ పదానికీ ఖాళీ వదలకుండా ఒకే ధారగా రాసుకుపోయేవారు. ఎక్కడ విరవాలో చదివేవాడికి తెలియాలి.

తెలుగైతే ఆ విరుపు మరీ ప్రమాదం. "లక్ష్మి" అనే పేరే తీసుకోండి. కంటికి రెండే అక్షరాలు: ల, క్ష్మి. కంప్యూటరుకు మాత్రం ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు మూళ్లు 21 బైట్లు. చదివేవాడు 20 బైట్ల గిన్నె పట్టుకుంటే చివరి గుడిలో మూడోవంతు కాలువలోనే మిగిలిపోతుంది. ఆ అరకొర ముక్కను అక్షరంగా మార్చబోతే తెర మీద లక్ష్మికి బదులు ఒక ప్రశ్నార్థకం నిలబడుతుంది. పెళ్లికూతురి పేరు దగ్గర ప్రశ్నార్థకం కన్నా అపశకునం ఏముంటుంది! అందుకని ప్రతి మాటకు ముందు నాలుగు బైట్లలో దాని పొడవు చెప్పాలని నియమం పెట్టాను. అవతలివాడు ముందు పొడవు చదువుకుని, అన్ని బైట్లూ చేరేదాకా ఓపిక పట్టి, అప్పుడే అక్షరాలు పోల్చుకుంటాడు. పొడవు 64 కిలోబైట్లకు మించి చెబితే ఆ అతిథికి నమస్కారం పెట్టి పంపేస్తాడు.

ఇంకొక ఏర్పాటు మర్యాదకు సంబంధించినది. అడిగినవాడు జవాబు వినకుండా మధ్యలో లేచిపోతే, మూసిన సాకెట్‌లోకి రాయబోయిన సర్వర్‌కు కెర్నల్ సిగ్‌పైప్ అనే సంకేతం పంపుతుంది. మనం ఏమీ చెప్పకపోతే ఆ సంకేతానికి సర్వర్ ప్రాణం పోతుంది. అతిథి చెప్పకుండా వెళ్లాడని గృహస్థు గుండె ఆగినట్టు! "దాన్ని పట్టించుకోకు" అని మొదట్లోనే ఒక వరుస రాసిపెట్టాలి. అప్పుడు రాయలేకపోయానన్న కబురు మాత్రమే వస్తుంది, ఇల్లు నిలుస్తుంది.

ఇక పిన్నిగారి గడప సంగతి. లోకల్ సాకెట్‌కు బదులు యంత్రం తనతో తాను మాట్లాడుకునే 127.0.0.1 అనే నెట్‌వర్క్ చిరునామా కూడా వాడవచ్చు. దానికీ బయటివారు నేరుగా రాలేరు. కాని ఆ యంత్రంలో ఏ ఖాతాతో కూర్చున్నవారైనా ఆ తలుపు తట్టవచ్చు. లోకల్ సాకెట్ అలా కాదు. అది ఫైలు కనుక ఫైలుకుండే అనుమతులన్నీ దానికీ ఉంటాయి. లైనక్స్‌లో ఆ ఫైలు మీద రాసే అనుమతి లేనివారు కనెక్ట్ కాలేరు. కొన్ని పాత బీఎస్‌డీల్లో ఈ అనుమతులను లెక్కచేయరు కనుక, సాకెట్‌ను ఒక ప్రత్యేక డైరెక్టరీలో పెట్టి ఆ డైరెక్టరీకే గడియ వేశాను. అసలు వివరాల ఫైలు సర్వర్ ఖాతా తప్ప ఇంకెవరూ తెరవలేరు.

అంతకన్నా గొప్ప సౌకర్యం మరొకటుంది. తలుపు తట్టినవారెవరో లైనక్స్ కెర్నల్‌నే అడగవచ్చు. పీర్‌క్రెడ్ అనే ఏర్పాటు ద్వారా అవతలి ప్రాసెస్ సంఖ్య, దాన్ని నడుపుతున్న ఖాతా, ఆ ఖాతా గుంపు తెలుస్తాయి. "నేను ఫలానా" అని క్లయింటు చెప్పే మాట కాదది, ఇంటి యజమాని ఇచ్చే సాక్ష్యం. అందులో అబద్ధానికి తావు లేదు. దీని ఆధారంగా మాలో రెండు అంతస్తులు పెట్టాం. ఆదివారం సేవకు వచ్చే కుర్రవాళ్ల ఖాతాతో వెతికితే చదువు, వయసు, ఊరు, ఉద్యోగం వరకే కనబడతాయి. పేరు, ఫోను నంబరు, ఇంటి చిరునామా కావాలంటే పిన్నిగారో కార్యదర్శిగారో తమ ఖాతాతో కూర్చోవాలి. వారు ముందు అమ్మాయి ఇంటికి ఫోను చేసి, "ఫలానావారు అడుగుతున్నారు, ఇవ్వమంటారా" అని అడిగాకే ఇస్తారు. ఎవరు ఎప్పుడు ఏ వివరం చూశారో సర్వర్ ఒక చిట్టాలో రాసుకుంటుంది.

ఇదంతా ఉక్కుకోట అని నేను చెప్పను. యంత్రానికి రూట్ అనే పెద్ద ఖాతా ఉంటుంది, దానికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. దాని సంకేతపదం సీలు వేసిన కవరులో అధ్యక్షులవారి దగ్గర ఉంది. తెరను ఫొటో తీసేవాడిని ఏ సాకెట్టూ ఆపలేదు. పిన్నిగారు తన ఖాతా తెరిచి ఉంచి కాఫీకి లేస్తే కెర్నల్ కూడా ఆవిడే కూర్చున్నదనుకుంటుంది. యంత్రం చేయగలిగింది యంత్రం చేస్తుంది, మిగతాది మన మర్యాద మీద ఆధారపడి ఉంటుంది. రాత్రి తీసే నకలుకు కూడా తాళం వేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇనప్పెట్టెలో ఉంచుతున్నాం.

పోగొట్టుకున్నదీ లేకపోలేదు. మా మేనల్లుడు చెప్పిన పెద్దమ్మ ఇంట్లో కూర్చుని చూడలేదు. ఫోను చేసి అడగాలి, లేదా బండెక్కి రావాలి. దూరాన ఉన్న కుటుంబాలకు ఇది కష్టమే. ఆ కష్టానికి మేము కనుక్కున్న మందు పాతదే. నెలకొకసారి మాలో ఇద్దరు అచ్చు తీసిన పొట్టి జాబితా, పేర్లూ నంబర్లూ లేనిది, పట్టుకుని పర్లాకిమిడి, జయపురం వైపు వెళ్లివస్తున్నారు. ముందుముందు నెట్‌వర్క్ కావాలని సభ్యులు కోరితే, ఇదే సర్వర్ ముందు ఇంకొక ద్వారపాలకుణ్ణి నిలబెట్టవచ్చు. కాని ఆ నిర్ణయం పుస్తకంలో పేర్లున్న కుటుంబాలది. ప్రోగ్రాము రాసేవాడిది కాదు.

పేజీ చింపించుకుని వెళ్లిన ఐదు కుటుంబాలలో మూడు తిరిగి వచ్చాయి. మొదట ఫోన్ల బాధ పడిన అమ్మాయి తండ్రి 2023 సంక్రాంతి తర్వాత వచ్చి, అరగంట సేపు నాచేత ఈ సంగతులన్నీ చెప్పించుకున్నారు. సాకెట్, కెర్నల్ ఆయనకు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. చివరికి ఒకటే అడిగారు: "ఎవరు చూశారో తెలుస్తుందా?" తెలుస్తుందన్నాను. చిట్టా తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, అమ్మాయితో ఫోనులో మాట్లాడి, అప్పుడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి పిన్నిగారి చేతికిచ్చారు. నాకివ్వలేదు. అదే సరైన పద్ధతి అనిపించింది.

ఇతర ఊళ్లలో ఉన్న మన సంఘాలవారు ఎవరైనా ఇలాంటి పుస్తకం కంప్యూటరుకు ఎక్కించాలనుకుంటే నాదొక మనవి. ఏ యంత్రం కొనాలి, ఏ భాషలో రాయాలి అన్న ప్రశ్నలు తర్వాత. ముందుగా మీ ఊరి పిన్నిగారిని కూర్చోబెట్టి, ఏ మాట గడప లోపల ఉండాలో అడిగి తెలుసుకోండి.